బండ కింద గీసిన బొమ్మలు

నలభై నిండకముందే రిటైరయ్యానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. కానీ చేసిన పనిని మళ్లీ చేయబోను కాబట్టి, దానికి నా దగ్గర ఇంకో మాట లేదు. రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్లగొండలో ఒక చిన్న సంస్థలో చేరాను. నేల కింద బండలో పగుళ్లు ఎలా అల్లుకుని ఉన్నాయో, వాటిలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో కంప్యూటర్‌లో బొమ్మ గీయడం మా పని. ఆ సంస్థ మూతపడ్డాక పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పుకుంటున్నాను.

మొన్న ఇద్దరు పాత విద్యార్థులు వచ్చి, అలాంటి పనిలోనే చేరుతున్నామన్నారు.

"సాఫ్ట్‌వేర్ మొత్తం వచ్చు సార్. ఇంకేమన్న నేర్చుకునేది ఉంటదా?"

ఉంటుందన్నాను. టీ తాగి వెళ్లిపోయారు. వాళ్లు వినకుండా వెళ్లిన భాగం ఇది.

చీర మీద రెండు వేళ్లు

ముందు పని ఏమిటో వరుసగా చెప్తాను. వరుసగా చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

ఒకటి: నేల కింద ఏముందో మనకు తెలియదు. తెలిసేది బోరు వేసిన చోట మాత్రమే. ఊరంతా కలిపి కొన్ని బోర్లు, అంటే కొన్ని చుక్కలు. మిగతాదంతా ఖాళీ కాగితం.

రెండు: ఆ ఖాళీని నింపడానికి ఒక పాత పద్ధతి ఉంది. ఏ రెండు చుక్కలనైనా తీసుకుని, వాటి మధ్య దూరం ఇంత ఉంటే అవి ఒకేలా ఉండే అవకాశం ఎంత అని లెక్కగట్టడం. మంచి లెక్కే. కానీ కళ్లకు గంతలు కట్టుకుని పోచంపల్లి చీర మీద రెండు వేళ్లు పెట్టి చూడండి. ఎవరో పక్కన కూర్చుని "రెండు వేళ్ల కిందా ఎరుపే", "ఒకటి ఎరుపు, ఒకటి నలుపు" అని చెబుతూ ఉంటారు. రోజంతా అలా చేస్తే పువ్వు ఎంత పెద్దదో పట్టుకోగలరు. అది పువ్వో, చిలకో, ఏనుగో ఎప్పటికీ చెప్పలేరు. వంపు, కొమ్మ, కలయిక రెండు వేళ్లకు అందవు.

మూడు: అందుకే బహుబిందు పద్ధతి వచ్చింది. రెండు వేళ్లు చాలవు, అరచెయ్యి మొత్తం పెట్టాలి. ముందుగా కంప్యూటర్‌కు ఒక నమూనా చిత్రం చూపిస్తాం, "ఈ నేలలో పగుళ్లు ఇలా ఉంటాయి" అని. అది చిత్రంలో ప్రతిచోటా అరచెయ్యి ఆనించి, చుట్టూ ఇలా ఉంటే నడుమ ఏముంటుందో గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మన ఖాళీ కాగితం మీద, తెలిసిన చుక్కలను కదపకుండా, మిగతాది ఆ గుర్తుతో నింపుతుంది. ఒక బొమ్మ కాదు, వంద గీస్తుంది. దేనికదే వేరు. ఎక్కువ బొమ్మల్లో ఒకేచోట పగులు కనిపిస్తే అక్కడ ఉండే అవకాశం ఎక్కువ.

నాలుగోది ఏ పుస్తకంలోనూ పెద్ద అక్షరాల్లో ఉండదు. నమూనా చిత్రం ఎక్కడిదైతే బుద్ధి అక్కడిదే. కంప్యూటర్ తనంతట తాను ఏమీ కనిపెట్టదు. చూపించింది నేర్చుకుంటుంది, అంతే. ఈ విషయంలో అది మా ఇంటిపక్క ఎల్‌కేజీ పిల్లాడి కంటే బుద్ధిగా మాట వింటుంది.

పగుళ్లలో పారిన ఏరు

మా సంస్థ పెద్ద యాదగిరి సారు. సర్కారు కొలువులో భూగర్భశాస్త్రం చేసి, రిటైరయ్యాక ఈ దుకాణం పెట్టారు. బండను వేలితో కొట్టి చూసేవారు, పుచ్చకాయను కొట్టినట్టు. కంప్యూటర్ అంటే గౌరవం ఉంది కానీ నమ్మకం లేదు. మూడో మనిషి స్వప్న. మహబూబ్‌నగర్ అమ్మాయి, నీటి మట్టాలు కొలవడంలో దిట్ట. మనుషుల మట్టాలు కొలవడంలో ఇంకా దిట్ట.

మా మొదటి పని మహబూబ్‌నగర్ వైపు ఒక ఎత్తునేల. నేను కొత్త ఉత్సాహంతో, ఈ పద్ధతి నేర్చుకునేవాళ్లందరూ వాడే నమూనా చిత్రాన్నే తెచ్చి పెట్టాను. అది ఏదో దేశంలో నది ఒండ్రులో ఇసుక పాయల చిత్రం. వంకరటింకరగా, ముచ్చటగా ఉంటుంది. బొమ్మలు వచ్చాయి. గోడకు అంటించాం. సారు వచ్చి, కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశారు.

"రమేశూ, గిదేందయ్యా?"

"నీళ్లుండే దారులు సార్."

"గిట్ల మెలికలు తిరుగుతాందేంది? కృష్ణమ్మ గిన బండ కిందికెల్లి పోతాందా?"

స్వప్న ఊరుకుంటుందా. "సార్, ఇంకొంచెం కిందికి చూడున్రి. పడవ సుత పోతాంది."

నల్లబండల నేలకు ఒండ్రునేల చిత్రం చూపిస్తే కంప్యూటర్ శ్రద్ధగా బండలో ఏరు పారించింది. తప్పు దానిది కాదు. ఆ బొమ్మలు ఎవరికీ హాని చేయలేదు. చూడగానే నవ్వొచ్చే తప్పు మంచి తప్పు. చూడగానే మెచ్చుకోబుద్ధయ్యే తప్పుతోనే జాగ్రత్తగా ఉండాలి. అలాంటిది రామన్నపేట దగ్గర జరిగింది.

అందమైన గీత

రామన్నపేట దాటాక ఒక ఊళ్లో, నీటి పథకం ఒకటి నడిపేవాళ్లు మాకు పని ఇచ్చారు. ఎండిపోతున్న బత్తాయి తోటల్లో కొత్త బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చూపించాలి. ఈసారి బుద్ధిగా ఉందామనుకున్నాం. బయటి చిత్రాలు వద్దు, ఈ ఊరి నీళ్లను ఈ ఊరే నేర్పాలి. ఊళ్లో నీళ్లు పోసే బోర్లన్నీ గుర్తించి, వాటిని కలుపుతూ పగుళ్ల నమూనా చిత్రం తయారు చేశాం. సారు కూడా మెచ్చుకున్నారు.

వచ్చిన బొమ్మ ఎంత బాగుందో చెప్పలేను. ఊరి ఉత్తరాన, పడమటి నుంచి తూర్పుకు తిన్నగా సాగిన గీత, బండలో కత్తితో కోసినట్టు. వంద బొమ్మల్లో దాదాపు అన్నింటిలోనూ అదే గీత. ఆ వైపు పాత పగుళ్లు కూడా ఇంచుమించు అదే దిక్కున పోతాయి కాబట్టి శాస్త్రానికీ ఎదురు లేదు. "గిది కొత్త పగులు, ఎవ్వలూ పట్టలె," అని సారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. నివేదిక ఇచ్చేశాం.

ఆ గీత సత్తెమ్మ తోట మీదుగా పోయింది. సత్తెమ్మ భర్త లారీ మీద పోయేవాడు, నెలకోసారి వచ్చేవాడు. తోట పూర్తిగా ఆమెదే. పెళ్లినాటి పొలానికి పక్కన ఉన్న భూమి చెక్కను కూడా కొని, రెండింటిలోనూ బత్తాయి పెట్టింది. పాత పొలంలోని చెట్లు అప్పుడప్పుడే నిండు కాపుకు వస్తున్నాయి. ఉన్న ఒక్క బోరు ఎండాకాలానికి గొంతు తడారి, పోసి పోసి ఆగుతోంది. ఆమె కొనుక్కున్న చెక్క మూలన మేం సున్నంతో గుర్తు పెట్టినప్పుడు దాన్ని తేరిపార చూసింది.

"పక్కానా సారు? ఈసారి పోతే చెట్లతోని పాటు నేను సుత ఎండుత."

"నూటికి తొంబై," అన్నాన్నేను.

"తొంబై అంటె మంచిదే. మా ఆయన లైసెన్సు పరీక్షకు సుత గన్ని రాలె."

పాడిబర్రెలను అమ్మి బోరు బండికి చెప్పుకుంది.

నీళ్ల క్యాను

బండి రావలసిన వారంలోనే మా ఆఫీసు కొత్త కిరాయి గదిలోకి మారింది. యాదగిరి సారు శాస్త్రవేత్తే, కానీ వాస్తు దగ్గర మాత్రం పక్కా మనిషి. కంప్యూటర్లు సర్దకముందే తాగునీళ్ల క్యాను ఎత్తుకుని గదిలో తిరగడం మొదలుపెట్టారు.

"ఈశాన్యం ఎటుంది? రమేశూ, నీ ఫోన్ల దిక్సూచి తియ్యి."

"సార్, క్యాను ఏడుంటె ఏంది, తాగేది నోట్లకెల్లే గదా," అన్నది స్వప్న.

"నీకు తెల్వది బిడ్డా. నీళ్లు ఈశాన్యంలనే ఉండాలె. ఇంట్ల బావి గని, పొలంల బోరు గని..."

సారు మాట అక్కడే ఆగిపోయింది. క్యాను చేతిలోనే ఉంది. గోడకు ఆ ఊరి బొమ్మ ఉంది, దానిమీద కత్తితో కోసినట్టున్న గీత. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. మొదట స్వప్నే నోరు విప్పింది.

"సార్, ఆ ఊల్లోల్లు బోర్లు ఏ మూలకు ఏసుకున్నరు?"

పొలాల హద్దుల పటం తెచ్చి బొమ్మ మీద పరిచాను. ఒకప్పుడు ఒక్కటే పెద్ద పొలం, అన్నదమ్ములు పంచుకుని, వాళ్ల కొడుకులు మళ్లీ పంచుకుని, పక్కపక్కన పట్టీల్లా కోసుకున్నారు. ఉత్తరం గట్టు అందరికీ ఒకటే, పడమటి నుంచి తూర్పుకు తిన్నగా సాగుతుంది. ప్రతి పట్టీకి ఈశాన్య మూలన ఒక బోరు. మూలలన్నీ ఆ గట్టు వెంట వరుసగా ఉన్నాయి. మేం కనిపెట్టిన కొత్త పగులు ఆ గట్టే. మా కంప్యూటర్ భూగర్భశాస్త్రం నేర్చుకోలేదు, వాస్తు నేర్చుకుంది. అది కూడా మా సారు కంటే నిష్ఠగా.

స్వప్న నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. సారు క్యాను కింద పెట్టారు. ఏ మూలన పెట్టారో చూసుకోలేదు.

"నవ్వుడు తర్వాత," అన్నారు. "ఆ బర్రెలు అమ్ముకున్నామె బోరు ఎప్పుడు?"

మళ్లీ గీయడం

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. నీళ్లు పడ్డ బోర్లు నీళ్లున్న చోటును మాత్రమే చెప్పవు. మనుషులు ఎక్కడ వేశారో కూడా చెబుతాయి. గట్టు పక్కన, కరెంటు స్తంభానికి దగ్గర, పంతులు చూపిన మూలన. ఫెయిలైన బోరును బండతో మూసేసి, దాని ఊసు ఎత్తరు. చుక్కలు ఎవరు పెట్టారో తెలుసుకోకుండా చుక్కలను నమూనా చేసుకోవద్దు.

బండి రావడానికి ఇంకా మూడు నాలుగు రోజులున్నాయి. ఆ ఊరి చుట్టుపక్కల పాడుబడ్డ మోటబావుల్లోకి దిగాం. వాటి గోడల మీద పగుళ్లు నిలువునా, అడ్డంగా కళ్లకు కనిపిస్తాయి. కంకర క్వారీ తెగ్గొట్టిన బండముఖాన్ని ఫొటోలు తీశాం. సారు పంచె ఎగగట్టి బావి అంచున కూర్చుని, మేం పైకి అరిచి చెప్పిన కొలతలు రాసుకున్నారు. ఆ బావులను ఏ మూలన తవ్వారో గుర్తు చేసి స్వప్న నన్ను ఆటపట్టించింది. తవ్వింది ఏ మూలనైనా గోడల మీద పగులు వాస్తు చూసుకోదు కదా అని నా జవాబు.

కొత్త నమూనాతో వచ్చిన బొమ్మలు మొదటివాటి అంత అందంగా లేవు. కత్తికోత గీత లేదు. చిన్న చిన్న పగుళ్ల మడుగులు, ఒకదానికొకటి అంటీ అంటనట్టు. అరచెయ్యి లెక్క అసలు గొప్పతనం అక్కడే తెలిసింది: ఏ పగులు దేనితో కలుస్తుందో అది చూపిస్తుంది. ఎక్కువ బొమ్మల్లో సత్తెమ్మ పాత బోరూ, మేం సున్నం గుర్తు పెట్టిన మూలా ఒకే మడుగులో ఉన్నాయి. కొత్త బోరు వేస్తే కొత్త నీళ్లు రావు. ఒకే కొబ్బరిబొండంలో రెండో గొట్టం పెట్టినట్టు.

పని ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి చెబితే, నివేదిక ఒకసారి ఇచ్చాక మార్చకూడదన్నారు. మారిస్తే తర్వాతి ఊళ్లు మీకు ఉండవని కూడా అన్నారు. సారు ఫోన్ పెట్టేసి చెప్పులు వేసుకున్నారు.

"మెయిల్ పెడదామా సార్?" అన్నాను.

"ఆమెకు మెయిల్ ఉన్నదా? నడువు. మనం పోయి చెప్పాలె."

ఉద్యోగాల్లో చాలామంది పెద్దలను చూశాను. ఒప్పుకోవలసిన మాట వచ్చినప్పుడు కిందివాళ్లను పంపేవాళ్లే ఎక్కువ. ఆ రోజు జీపులో ముందు సీట్లో కూర్చున్నది ఆయనే.

తీగ చివరి చప్పుడు

సత్తెమ్మ చెట్లకు పాదులు సరిచేస్తోంది. సారు సుత్తి లేకుండా చెప్పారు: మేం ఇచ్చిన బొమ్మ తప్పు, ఆ మూలన బోరు వేయొద్దు.

ఆమె పార కింద పెట్టింది.

"మొన్న గీడ నీళ్లున్నయంటిరి. ఇయ్యాల లేవంటిరి. రాత్రికి రాత్రి లేసి నడిచిపోయినయా?"

"నీళ్లు ఆడనే ఉన్నయమ్మా. అవి నీ పాత బోరు నీళ్లే."

"తొంబై అన్నడు గా పిలగాడు?"

నేను నేలను చూశాను. స్వప్న నాకు దయతో మోచేయి తగిలించింది.

"మూల పక్కన గా బండ ఏందక్కా?" అని స్వప్న అడిగింది. సున్నం గుర్తుకు కాస్త దూరంలో, గడ్డిలో ఒక పలక ఉంది.

"ఇంతకుముందు గీ చెక్క ఉన్నాయన ఏసిన బోరు. పారలె, మూసిండు. మీరు గంత పెద్ద బొమ్మ తెస్తిరి. ఇంకింత లోతుకు పోతె పడ్తయేమో, మీకెరుకే అనుకున్న."

ఆ మాట ఎవరినీ దెప్పడానికి అనలేదు, అందుకే గట్టిగా తగిలింది. బొమ్మ రంగుల్లో ఉంటే మనుషులు తమకు తెలిసింది చెప్పడం మానేస్తారు.

పలక తీయించాం. లోపల నీళ్లు నిలిచే ఉన్నాయి, తోడితే ఆగనంత కొద్దిగా. నీటి మట్టం కొలిచే తీగచుట్ట స్వప్న దగ్గర ఉంది. తీగ చివర నీళ్లను తాకితే పైన పెట్టె కూస్తుంది. దాన్ని సత్తెమ్మ చేతిలోనే పెట్టింది. తీగ దిగింది, దిగింది, పెట్టె కూసింది.

"ఇప్పుడు పట్టుకొని ఉండు అక్కా. కదపకు."

నేను వెళ్లి పాత బోరు స్టార్టర్ నొక్కాను. తోటకు నీళ్లు మొదలయ్యాయి. కొంతసేపు పెట్టె కూస్తూనే ఉంది. సత్తెమ్మ ముఖంలో ఒక ఆశ కనిపించింది. చెప్పొద్దూ, నాకూ కలిగింది. మా రెండో బొమ్మ కూడా తప్పైతే బాగుండుననిపించింది. ఆ ఉద్యోగంలో అలా అనిపించింది అదొక్కసారే.

కూత ఆగిపోయింది.

ఆమె ఎవరూ చెప్పకముందే తీగను ఇంకొంచెం వదిలింది. కూసింది. ఆగింది. మళ్లీ వదిలింది. అక్కడ నీళ్లు పారుతుంటే ఇక్కడ నీళ్లు దిగిపోవడం ఆమె చేతికే తెలుస్తోంది.

"మోటర్ బందు చెయ్యి," అంది. చేశాను.

ఆమె తీగను పైకి లాగి స్వప్న చేతిలో పెట్టింది. తర్వాత ఆమె సారును అడిగింది, "ఉన్న నీళ్లకు ఎన్ని చెట్లు బతుకుతయి?"

అది మా బొమ్మ చెప్పలేని సంగతి. స్వప్న బోరు పోతను బట్టి లెక్క వేసి, సగం కంటే కొంచెం ఎక్కువ అని చెప్పింది. తొంబై అనలేదు.

సత్తెమ్మ తోట మధ్యకు నడిచింది. రెండు చెక్కలకూ నీళ్లు చీలే చోట డ్రిప్పు వాల్వులు ఉన్నాయి. పాత చెక్క చెట్లు ముదురువి. కొనుక్కున్న చెక్కవి ఇంకా లేతవి, ఆమె మోజుపడి పెట్టుకున్నవి. ఒకసారి అటు చూసి, కొనుక్కున్న చెక్క వాల్వు కట్టేసింది. తుప్పు పట్టి తిరగకపోతే పార కర్రతో తట్టి మరీ తిప్పింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని బోరు బండి వాడికి ఫోన్ చేసింది.

"తమ్మీ, బండి తేకు... వద్దు అంటున్న గదా... ఎవలు చెప్పిండ్రంటే, ఏయమన్నోల్లే వద్దన్నరు... ఆఁ, గట్ల సుత ఉంటరు. నీకేమన్న ఫికరా, నీ బండికి జాగాలు కరువా?"

అవతల వాడు ఏదో చెప్పాడు. ఆమె ఫోన్ మీద చెయ్యి మూసి, సారు వైపు తిరిగింది.

"మా పక్క మల్లయ్య బావ సుత రేపు గదే గీత మీద ఏపిస్తుండట. మీ బొమ్మ చూసే. ఆయన నోరు మంచిది కాదు. చెప్తరా, పోతరా?"

సారు మల్లయ్య పొలం వైపు చూశారు. అక్కడ ఎవరో పెద్ద గొంతుతో ఎద్దులను తిడుతున్నారు. ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని గట్టెక్కారు. స్వప్న తీగచుట్ట చుట్టుకుంది. బొమ్మ గీసింది నేను కాబట్టి, ఇద్దరినీ దాటుకుని ముందు నడిచాను.